ఓడ ఇరవై నిమిషాలు ముందే వచ్చింది, తొమ్మిది మందికి ఫ్లైట్ తప్పింది

ఇన్సూరెన్స్ వాళ్లకు పంపాలి, ఆలస్యం ఎందుకైందో ఒక లెటర్ రాసివ్వండని ఓడ కంపెనీని అడిగాను. రెండు రోజుల్లో మర్యాదగా పంపారు. అందులో ఉన్నది ఒక్కటే ముక్క: 7 గంటలకు రావాల్సిన ఓడ 6.40కే టెర్మినల్‌కు చేరింది. ఆ లెటర్‌తోనే నా క్లెయిమ్ పోయింది. ప్రయాణ సాధనం ఆలస్యమైతేనే కనెక్షన్ ఫ్లైట్ తప్పినందుకు డబ్బులిస్తామని పాలసీలో ఉంది. ఓడ ఆలస్యం కాలేదు మరి. ఆలస్యమైంది మేము.

విజయవాడ గవర్నర్‌పేటలో పదహారేళ్లుగా టూర్ ఆఫీసు నడుపుతున్నాను. కాశీ, చార్‌ధామ్ దగ్గర్నుంచి దుబాయ్, బ్యాంకాక్ దాకా గ్రూపులను తిప్పాను. క్రూయిజ్, అంటే ఓడలో విహారయాత్ర మాత్రం నాకు అది రెండోదే. 2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో జరిగిన సంగతి ఇది. నా లైన్‌లో ఉన్నవాళ్లకూ, సొంతంగా బుక్ చేసుకుని వెళ్లేవాళ్లకూ పనికొస్తుందని మొత్తం కేసు రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయడం లేదు, నా తప్పులు మాత్రం రాస్తాను.

గ్రూపు 34 మంది. విజయవాడ వాళ్లు 19, గుంటూరు వాళ్లు 15. గుంటూరు వాళ్లను బ్రాడీపేటలో నాతో కలిసి పనిచేసే ఒక ఏజెంట్ పంపాడు. చెన్నై నుంచి సింగపూర్ ఫ్లైట్, అక్కడ ఒక రాత్రి, 12న మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో ఓడ ఎక్కడం, పెనాంగ్, ఫుకెట్ చూసి 16 పొద్దున మళ్లీ సింగపూర్‌లో దిగడం. అదే రోజు 11.50కి చెన్నై ఫ్లైట్, రాత్రి 10కి తమిళనాడు ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి బెజవాడ. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది.

ఆ 11.50 నేను పెట్టిందే. తర్వాతి ఫ్లైట్ రాత్రికి. దానికి వెళ్తే చెన్నైలో రైలు దొరకదు, హోటల్ పెట్టాలి, మనిషికి మూడు వేలు పెరుగుతుంది. నేను చేసిన లెక్క ఇది: ఏడుకు ఓడ వస్తుంది, ఎయిర్‌పోర్టు ఇరవై కిలోమీటర్లు, బస్సులో అరగంట. కౌంటర్ 10.50కి మూస్తారు కాబట్టి 10.15కి టెర్మినల్ గేటు దాటితే చాలు. చేతిలో మూడు గంటల పైనే ఉంది. విజయవాడ స్టేషన్‌లో బండి ప్లాట్‌ఫామ్ మీదకు వస్తే దిగిపోతాం చూశారా, నా బుర్రలో ఓడ కూడా అలాగే ఆగింది.

ఓడ అలా దిగనివ్వదు. ముందు ఆ దేశపు అధికారులు ఓడకు క్లియరెన్స్ ఇవ్వాలి. అది వచ్చేదాకా మొదటి మనిషి కూడా గేటు దాటడు. ముందు రోజు రాత్రి ప్రతి కేబిన్‌కూ నంబర్లున్న ట్యాగులు ఇస్తారు. పెద్ద పెట్టెలకు అవి కట్టి కేబిన్ బయట పెట్టాలి, రాత్రికి రాత్రి సిబ్బంది తీసుకుపోతారు. పొద్దున ట్యాగు నంబరు పిలిచాకే ఆ జనం కదలాలి. కిందకు దిగాక ముందు ఇమిగ్రేషన్, తర్వాత పెట్టెల హాలు, ఆ తర్వాత కస్టమ్స్. ఈ మెరీనా బే టెర్మినల్ 2012లో తెరిచారు, ఒకేసారి రెండు ఓడలు ఆగుతాయి, 6,800 మందిని పట్టేలా కట్టారు. ఆ రోజు పక్క బెర్త్‌లో ఇంకో ఓడ కూడా ఉంది. అయినా లైను కదులుతూనే ఉంది. అక్కడి వాళ్లను అనడానికి నాకు నోరు రాదు.

ట్యాగు నంబర్లు ఎలా ఇస్తారో నాకు అప్పుడు తెలియదు. ఫ్లైట్ తొందరగా ఉన్నవాళ్లను ముందు దింపుతారు. దానికోసం, తిరుగు ఫ్లైట్ ఎన్నింటికో చెప్పమని బయల్దేరక ముందే ఒక ఫారం పంపారు. నా మెయిల్‌లో డిసెంబరు నుంచి అలాగే పడి ఉంది. సంక్రాంతి సీజన్‌లో మెయిల్ చూసే తీరిక ఎవరికి ఉంటుంది అనుకున్నాను గానీ, అది చూడటమే నా పని. ఫారం పోలేదు కాబట్టి మమ్మల్ని తొందర లేని జనంలో కలిపేశారు. మా ట్యాగు 22. మాకంటే ముందు ఇరవై ఒక్క గుంపులు.

ఇక అసలు కథ 15 రాత్రి మొదలైంది.

సింగపూర్‌కు వెళ్లే ప్రతి విదేశీయుడూ ముందే ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపల నింపాలి, అంతకు ముందు కుదరదు. డబ్బు కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైట్లు కనిపిస్తే అవి సర్కారువి కావు. మొదటిసారి వెళ్లేటప్పుడు మా ఆఫీసులోనే అందరికీ నింపాం, ఏ ఇబ్బందీ రాలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర వెయ్యరు, ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ మెయిల్‌కు వస్తుంది. అన్ని కార్డుల్లోనూ మా ఆఫీసు మెయిలే ఇచ్చాం కాబట్టి 34 పాసులూ గవర్నర్‌పేటకే వచ్చాయి. అవి చూసుకుని, వారం పైన గడువుంది, తిరిగి దిగేటప్పుడు కూడా ఇవే పనికొస్తాయని మా ఆఫీసు అమ్మాయి అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఓడ ఎక్కి సముద్రంలోకి వెళ్లామంటే సింగపూర్ వదిలేసినట్టే. మళ్లీ దిగితే కొత్తగా దేశంలోకి వచ్చినట్టు లెక్క. వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలన్నది అందుకే. అది నేను మర్చిపోలేదు, 34 వీసాలూ ఒక్కొక్కటే చూసుకున్నాను. వీసాకు పట్టించిన సూత్రమే కార్డుకూ పట్టించాలన్న ఆలోచన మాత్రం రాలేదు.

15 సాయంత్రం ప్రతి కేబిన్‌లో ఒక లెటర్ పెట్టారు, అరైవల్ కార్డు మళ్లీ నింపాలని. ఇంగ్లిష్‌లో, నున్నటి కాగితం మీద, షాపు డిస్కౌంట్ల కాగితాల మధ్యలో. మా వాళ్లలో ఎవరూ చదవలేదు. రాత్రి 10 దాటాక రిటైర్డ్ లెక్చరర్ గారొకరు నా కేబిన్ తలుపు కొట్టి, "ఇదేదో మనల్నే అడుగుతున్నట్టుంది, కాస్త చూడవయ్యా" అన్నారు. చూస్తే ఒళ్లు చల్లబడింది. ముందు రోజు, సంక్రాంతి నాడు ఫుకెట్‌లో దిగినప్పుడు అందరి ఫోన్లలో సిగ్నల్ ఉంది, గడువు కూడా అప్పటికే మొదలైంది. పది నిమిషాలు బస్సులో కూర్చోబెట్టి నింపించి ఉంటే పోయేది. ఇప్పుడు నడి సముద్రం.

ఓడ వైఫై ప్యాకేజీ కొని ఆఫీసు అమ్మాయికి వాట్సాప్ కాల్ చేశాను. ఓడలో రాత్రి 11 అంటే బెజవాడలో ఎనిమిదిన్నర. అప్పుడే ఇంటికెళ్లి అన్నానికి కూర్చుందట. "సార్, పాస్‌పోర్టు స్కాన్లు ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నాయి, వెళ్లి చేస్తాను" అంది. వాళ్ల నాన్నను తోడు తీసుకుని వచ్చి షట్టర్ తీసింది. కార్డులో ప్రయాణ మార్గం సముద్రం అని ఎంచుకోవాలి, ఓడ పేరు రాయాలి, సింగపూర్‌కు ముందు ఊరు ఫుకెట్ అని పెట్టాలి. నేను ఓడ నుంచి మెసేజ్‌లు పెడుతుంటే అక్కడ ఆమె కొట్టుకుంటూ పోయింది. బెజవాడ టైము పదకొండున్నరకు 30 మందివి అయ్యాయి. మిగతా నలుగురి స్కాన్లు మా దగ్గర లేవు. అది గుంటూరు నుంచి చివర్లో చేరిన కుటుంబం, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. వాళ్ల కాగితాలు బ్రాడీపేట ఏజెంట్ ఫోన్‌లో ఉన్నాయి, ఆయన నిద్రలో ఉన్నాడు. వాళ్ల కేబిన్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఖరి రాత్రి కదా, పైన పాటల ప్రోగ్రాంలో ఉన్నారని తర్వాత తెలిసింది. పోనీలే, నలుగురే కదా, పొద్దున లైన్‌లో నిలబడి నింపుదాం అనుకుని పడుకున్నాను.

పొద్దున 8.15కి అందరూ ఆరో డెక్ లాంజ్‌లోకి రావాలి. 32 మంది వచ్చారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన, ఆయన కొడుకు రాలేదు. కేబిన్ ఖాళీ. 8.50కి మా 22 పిలిచారు. లెక్చరర్ గారి చేతికి లిస్టు ఇచ్చి మిగతావాళ్లను కిందకు పంపి, నేను ఆగిపోయాను. 9.10కి తండ్రీకొడుకులు నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు. "అబ్బాయ్, అయిదు నిమిషాలు ముందే వచ్చాం, ఎవరూ లేరేంటి?" అన్నారు పెద్దాయన. కొడుకు ఫోన్ చూపించాడు, 8.10.

ఓడ మొదటి నుంచీ సింగపూర్ టైము మీదే నడిచింది. ఫుకెట్ సింగపూర్ కంటే గంట వెనక. అక్కడ దిగినప్పుడు ఫోన్లు వాటంతట అవే థాయ్ టైముకు మారిపోయాయి. ఓడ ఎక్కగానే, సముద్రంలో రోమింగ్ పడితే వేలకు వేలు బిల్లు వస్తుందని నేనే అందరి చేతా ఏరోప్లేన్ మోడ్ పెట్టించాను. దాంతో ఫోన్లు ఫుకెట్ టైములోనే ఆగిపోయాయి. మిగతావాళ్లను చేతి గడియారాలో, కేబిన్ టీవీలో, పక్కింటివాళ్లో కాపాడారు. వీళ్లు పెందలాడే లేచి టిఫిన్ హాల్లో ఇడ్లీ కోసం వెతుక్కుంటూ కూర్చున్నారు. బిల్లు పడుతుందని భయపెట్టిన నేను టైము మారుతుందని చెప్పలేదు.

కిందకు వెళ్లేసరికి 9.20. మా వాళ్లలో ఎక్కువ మంది ఇమిగ్రేషన్ దాటేశారు. గుంటూరు కుటుంబాన్ని పక్కన నిలబెట్టారు. కార్డు లేదు, వాళ్ల ఫోన్లలో రోమింగ్ లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి నింపడం మొదలుపెట్టాం. నలుగురి వివరాలు, చిన్న స్క్రీన్, చెమట పట్టిన వేళ్లు. పాప పుట్టిన తేదీలో నెల తప్పు పడితే మళ్లీ మొదటికి వచ్చాం. ఆ తల్లి టైపు చేస్తూనే, "అన్నయ్యా, మాకు ఎవరూ చెప్పలేదండీ" అంది. తిట్టినా బాగుండేది. పాతిక నిమిషాలకు అయింది, మళ్లీ లైను చివరికి పంపారు. వాళ్లు కౌంటర్ దాటేసరికి 10.20. కౌంటర్ దగ్గర మనిషికి పట్టింది రెండు మూడు నిమిషాలే, అదీ వేలిముద్రలతో కలిపి.

ఈలోగా కస్టమ్స్ దగ్గర రెండో గొడవ. విజయవాడ నుంచి వచ్చిన ఒకాయన, భార్య, బావమరిది. బావా బావమరుదులిద్దరూ ఓడ షాపులో చెరి రెండు బాటిళ్ల విస్కీ కొన్నారు, ఒక్కోటి లీటరు. ఓడలో కొన్న మందు వెంటనే చేతికివ్వరు, ఆఖరి రాత్రి కేబిన్‌కు పంపుతారు. కాబట్టి నా కంట పడలేదు. కంటపడినా ఏమీ అనేవాణ్ణి కాదేమో. ఎందుకంటే మనిషికి రెండు లీటర్లు అన్నది మన ఇండియా రూలు, నేనే చెప్పాను. సింగపూర్ లెక్క వేరు. 48 గంటలు బయట ఉండి, మలేషియా నుంచి కాకుండా వేరే దేశం నుంచి వస్తేనే అసలు మినహాయింపు. మా ఓడ ఆఖరి రేవు ఫుకెట్ కాబట్టి అది దొరికింది. అయినా ఆ రెండు లీటర్లలో విస్కీ లాంటి ఘాటు సరుకు ఒక్క లీటరే ఉండాలి, రెండో లీటరు వైనో బీరో కావాలి. మలేషియాలో ఉన్న పెనాంగ్ ఆఖరి రేవు అయితే ఆ ఒక్క లీటరు కూడా లేదు. సిగరెట్లకైతే అసలు మినహాయింపే లేదు, ఒక్క పెట్టె ఉన్నా చెప్పి పన్ను కట్టాల్సిందే. మేం సాయంత్రానికి వేరే దేశం వెళ్లిపోతున్నామన్నా కుదరదు, ఇమిగ్రేషన్ దాటి సింగపూర్ గడ్డ మీదకు వచ్చేశాం కదా.

నిజం చెప్పాలంటే ఆయన మంచి పని చేశాడు. పన్ను కట్టాల్సిన సరుకున్నవాళ్లు వెళ్లే ఎర్ర లైన్‌లోకి వెళ్లి తనే చెప్పుకున్నాడు. దాచి దొరికితే కథ వేరేగా ఉండేది. అక్కడ ఘాటు మందులో ఆల్కహాల్ లీటరుకు 88 సింగపూర్ డాలర్ల పన్ను. 40 శాతం విస్కీ లీటరు బాటిల్‌కు 35 డాలర్ల 20 సెంట్లు, జీఎస్టీ 9 శాతం అదనం. ఇద్దరికీ చెరో బాటిల్ ఎక్కువ. "పన్ను బాటిల్ ధర కంటే ఎక్కువైంది, వదిలేసి రండి" అని భార్య గోల. "కొన్న సరుకు వదిలేసి రావడం మా ఇంటావంటా లేదు" అని ఆయన. ఈ పంచాయితీ, బిల్లులు వెతకడం, కార్డు పనిచేయకపోవడం, అన్నీ కలిసి 9.35 నుంచి 10.25 దాకా సాగింది.

యార్డు పెద్దాయన ఇమిగ్రేషన్ పదే నిమిషాల్లో దాటారు. హమ్మయ్య అనుకున్నాను. ఆయన చేతిసంచీ స్కానర్‌లోకి వెళ్లగానే అధికారి పక్కకు రమ్మన్నాడు. సంచీలో ఆవకాయ సీసా ఉంది, కారప్పొడి ఉంది. వాటి గురించేమో అనుకున్నా. వాటిని ముట్టుకోలేదు. అడుగున గుడ్డలో చుట్టిన ఆరు ఖైనీ ప్యాకెట్లు తీశాడు. నమిలే పొగాకు సింగపూర్‌లోకి తీసుకురావడమే నిషేధం. పన్ను కడతానన్నా ఒప్పుకోరు. "వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరూ అడగలేదే?" అన్నారు పెద్దాయన. అప్పుడు సంచీ చూడలేదు, ఇప్పుడు చూశారు, అంతే. చూయింగ్ గమ్ తేవద్దని మా గ్రూపులో నాలుగుసార్లు మెసేజ్ పెట్టాను, గమ్ నమిలేవాళ్లు ఒక్కరూ లేరు. గుంటూరు జిల్లా నుంచి మనుషుల్ని తీసుకెళ్తూ పొగాకు మాట ఎత్తకపోవడం ఏమిటో నాకే అర్థం కాలేదు.

ప్యాకెట్లు తీసుకుని, పాస్‌పోర్టు వివరాలు రాసుకుని, గట్టిగా హెచ్చరించి వదిలారు. పెద్దాయన మొహం మాడిపోయింది. యార్డులో నలుగురికి తీర్పు చెప్పే మనిషి. బెంచీ మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకుంటూ ఉండిపోయారు.

10.12కి లెక్చరర్ గారు ఫోన్ చేశారు. "పాతిక మందిమి బస్సులో ఉన్నాం. ఆగమంటావా, పొమ్మంటావా?" ఆగితే 34 మందికీ పోతుంది. పొమ్మన్నాను. పదహారేళ్లలో గ్రూపును రెండు ముక్కలు చేయడం అదే మొదటిసారి. వాళ్లు 10.40కి కౌంటర్ దగ్గర ఉన్నారు, అందరికీ బోర్డింగ్ పాసులు దొరికాయి. నాతో కలిపి మేం పది మందిమి టాక్సీల్లో 11 దాటాక చేరాం.

రాత్రి ఫ్లైట్‌లో పది టికెట్లు కొన్నాను, ఒక్కోటి 18,500. ఎయిర్‌పోర్టులో రాత్రిదాకా పడిగాపులు. పిల్లలిద్దరికీ అది పండగ, అక్కడే కట్టిన జలపాతం చుట్టూ తిరిగారు. విస్కీ ఆయన భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది. చెన్నైలో దిగేసరికి అర్ధరాత్రి, రైలు ఎప్పుడో పోయింది.

చెన్నై కస్టమ్స్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆ గుంటూరు కుటుంబంలోని తల్లి మెడలో అత్తగారిచ్చిన పన్నెండు కాసుల హారం ఉంది. వెళ్లేటప్పుడే చెన్నైలో కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ రాయించాను, ఇక్కడి నుంచి తీసుకెళ్తున్న సొంత నగ అని. వచ్చేటప్పుడు అధికారి హారం వంక చూశాడు, కాగితం చూశాడు, వెళ్లమన్నాడు. నిమిషం కూడా పట్టలేదు. మిగతావాళ్ల సామాను అప్పటికి అమల్లో ఉన్న 50,000 రూపాయల పరిమితి లోపలే ఉంది, నాలుగు బాటిళ్లు కూడా మన లెక్కలో సరిపోయాయి. సింగపూర్‌లో గంట తిన్న బాటిళ్లను ఇక్కడ ఎవరూ అడగనే లేదు.

డబ్బుల దగ్గర ఎవరి తప్పెంత అని కూర్చున్నాం. కుటుంబం నలుగురివీ, నాదీ పూర్తిగా నేనే పెట్టుకున్నాను. మిగతా ఐదుగురికి సగం నేను, సగం వాళ్లు. మొత్తం 1,38,750. బ్రాడీపేట ఏజెంట్ 20,000 ఇచ్చాడు. విస్కీ ఆయన, "నాది నేనే కట్టుకుంటాను గానీ, ఆ ఫారం నువ్వు పంపి ఉంటే పన్ను కట్టి కూడా ఫ్లైట్ ఎక్కేవాళ్లం కదా" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. ట్యాగు 22 కాకుండా 5 వచ్చి ఉంటే మేం గంటన్నర ముందు కింద ఉండేవాళ్లం. ఖైనీ, బాటిళ్లు, కార్డులు, ఫోన్ టైము అన్నీ అందులో ఇమిడిపోయేవి. సగం ఎందుకు తీసుకున్నానా అని ఇప్పటికీ కాస్త గిల్టీగానే ఉంది.

ఇప్పుడు క్రూయిజ్ దిగిన రోజు మధ్యాహ్నం 3 లోపు ఫ్లైట్ నేను వెయ్యను. మూడు వేలు ఎక్కువని వేరే ఆఫీసుకు పోయినవాళ్లు ఉన్నారు, పోనివ్వండి. తిరుగు ఫ్లైట్ ఫారం డబ్బు కట్టిన రోజే పంపుతున్నాను. ఏ ఏజెంట్ పంపిన మనిషైనా స్కాన్ మా కంప్యూటర్‌లోకి వచ్చాకే టికెట్. ఆఖరి రేవులో దిగగానే బస్సు కదలకముందు కార్డులు నింపిస్తాను, ఓడ టైముకు పెట్టిన ఒక చవక గోడ గడియారం సూట్‌కేసులో పెట్టుకెళ్లి లాంజ్‌లో బల్ల మీద పెడతాను. అందరూ నవ్వుతారు.

మా ఆఫీసు అమ్మాయి ఫైలు అట్ట మీద ఎర్ర స్కెచ్‌తో ఒక గడి గీసింది, "రెండో కార్డు" అని. క్రూయిజ్ ఫైలు ఏదొచ్చినా అందులో తేదీ వేసేదాకా నన్ను సంతకం పెట్టనివ్వదు. మొన్న ఒకాయన గోవా టికెట్‌కు వస్తే ఆ ఫైలు మీదా గీసింది. ఎందుకమ్మా అంటే, "అలవాటు తప్పుతుంది సార్" అంది.